ఎప్పుడు ఆగుతోంది?

నా ల్యాప్‌టాప్‌ను రిపేరు షాపుకు తీసుకెళ్తే రసీదు మీద మూడు ఫిర్యాదులు రాసుకున్నారు. స్లోగా ఉంది, మధ్యలో ఆఫ్ అవుతోంది, బాగా వేడెక్కుతోంది. మూడింటికీ మూడు వైద్యాలు చెప్పారు. స్లో తగ్గడానికి ర్యామ్ పెంచాలన్నారు. ఆఫ్ అవకుండా ఉండాలంటే ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేయాలన్నారు. వేడికి ఫ్యాన్లున్న కూలింగ్ ప్యాడ్ కొనుక్కోమన్నారు. వీటన్నిటికీ లొంగకపోతే మదర్‌బోర్డు పోయినట్టేనన్నారు. అచ్చుకు వెళ్లాల్సిన పుస్తకం ప్రూఫులు అందులోనే ఉండటంతో, ఏదీ చేయించకుండా ఇంటికి తెచ్చేసుకున్నాను.

హైదరాబాదులో హార్డ్‌వేర్ పని చేసే మా మేనల్లుడికి ఫోన్ చేసి ఈ మూడూ వరసగా చెప్పాను. అంతా విని వాడు అడిగింది ఒక్కటే. "ఏం అవుతోందో చెప్పావు అత్తా, ఎప్పుడు అవుతోంది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పొద్దున ఆన్ చేయగానే స్లోగా ఉంటోందా, కాసేపు పనిచేశాకా? ఆగేముందు నీలం తెర వస్తోందా, ఏ సూచనా లేకుండా టక్కున ఆరిపోతోందా? ఛార్జర్ పెట్టినప్పుడా, బ్యాటరీ మీదా? వెంటనే ఆన్ చేస్తే మళ్లీ లేస్తోందా? జ్వరం ఉందని చెబితే చాలదు, ఏ వేళకు వస్తోందో చెబితేనే డాక్టరుకు దారి దొరుకుతుంది. వాడు నన్ను అడిగిందీ అదే. ముందు ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోమన్నాడు. తర్వాత పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఆగిన ప్రతిసారీ టైమూ, అప్పుడు చేస్తున్న పనీ రాయమన్నాడు.

వారం తిరిగేసరికి ఆ పేజీలే సంగతి చెప్పాయి. పొద్దున పూట ఏ ఇబ్బందీ లేదు. ఆగినవన్నీ మధ్యాహ్నాలే. ఎక్కువ పేజీల పుస్తకాన్ని పీడీఎఫ్ చేసేటప్పుడు ముందు ఫ్యాన్ హోరు, తర్వాత నత్తనడక, ఆ తర్వాత నల్లతెర. వెంటనే ఆన్ చేస్తే ఇంకా త్వరగా ఆగేది, అరగంట వదిలేస్తే మామూలుగా నడిచేది. మంచం మీద పెట్టుకుంటే మరీ తొందరగా ఆగేది.

విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ కూడా తెరిపించాడు. అందులో కెర్నల్ పవర్ 41 అని, పక్కన క్రిటికల్ అని ఎర్రగుర్తుతో వరసగా కనబడ్డాయి. చూడగానే యంత్రం పని అయిపోయిందనిపించింది. కిందటిసారి సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దాని అర్థమట. ఎందుకు ఆగిందో అది చెప్పదు. నాకు పనికొచ్చింది ఆ వరసల పక్కనున్న టైము. నోట్‌బుక్‌లో నేను రాసుకున్న వేళలతో ఆ టైములు ఇంచుమించు సరిపోయాయి.

ఆ వేళలన్నీ వేడి వైపే చూపించాయి. ప్రాసెసర్‌కు తన ఉష్ణోగ్రత తనకు తెలుసు. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అక్కడికి చేరేసరికి అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అయినా వేడి ఇంకా పెరుగుతూ పోతే కాలిపోకుండా కరెంటు కట్ చేయిస్తుంది. అంటే నేను స్లో అనుకున్నది ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడం. ఆఫ్ అవడం దాని ఆఖరి జాగ్రత్త. రసీదు మీద మూడు వరసల్లో రాసినవి ఒకే రోగం తాలూకు మూడు దశలు. పాతికేళ్లుగా కంప్యూటర్ మీదే బతుకుతున్నా, ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

వేళ వేరైతే కారణమూ వేరే అయ్యేది. ఆన్ చేసిన క్షణం నుంచే స్లోగా ఉండి, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తుంటే ముందు పాత తిరిగే హార్డ్ డిస్క్‌ను అనుమానించాలి. ఎస్ఎస్‌డీ వేస్తే అలాంటి మెషీన్ కొత్తదానిలా లేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు కూడా నీలం తెర వచ్చి, వచ్చిన ప్రతిసారీ వేరే ఎర్రర్ చూపిస్తుంటే ర్యామ్ పరీక్ష చేయాలి. ఆ పరీక్ష విండోస్‌లోనే ఉంది. ఛార్జర్ పెడితే బాగుండి బ్యాటరీ మీద మాత్రమే ఆగుతుంటే చూడాల్సింది బ్యాటరీని.

మరి ఫార్మాట్ కొట్టించాక కొన్నాళ్లు బాగుంటుందని ఎందుకంటారు? ఆన్ చేయగానే వెనకాల మొదలయ్యే ప్రోగ్రాములన్నీ ఫార్మాట్‌తో పోతాయి. ప్రాసెసర్ మీద భారం తగ్గుతుంది, వేడీ కొంత తగ్గుతుంది. మనం మళ్లీ అన్నీ ఇన్‌స్టాల్ చేసుకునేసరికి కథ మొదటికొస్తుంది. షాపువాళ్లను నేను తప్పుపట్టను. ఏసీ గదిలో, కౌంటరు మీద, చల్లగా ఉన్న మెషీన్‌ను అయిదు నిమిషాలు చూస్తే ఎవరికైనా ఏం తెలుస్తుంది? మే నెల విజయవాడలో 40 దాటిన మధ్యాహ్నం అది ఎలా ఉంటుందో చూసేది దాని ముందు కూర్చున్న మనిషే. చాలా ల్యాప్‌టాప్‌ల మాన్యువల్‌లో గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మించకూడదని రాసి ఉంటుంది. మన ఎండాకాలం ఆ హద్దుకు అవతలే మొదలవుతుంది.

మేనల్లుడు ఊరికి వచ్చినప్పుడు నా ఎదురుగానే వెనక మూత విప్పాడు. ఫ్యాన్ రెక్కలు దాదాపు శుభ్రంగానే ఉన్నాయి. ఫ్యాన్‌కూ, గాలి బయటికి పోయే సన్నటి రేకులకూ మధ్య దుమ్మూ నూలుపీచూ కలిసి మందంగా పేరుకుని గాలి దారిని మూసేశాయి. బయటి నుంచి ఎంత ఊదినా అది కదలదు, ఇంకా లోపలికి బిగుసుకుంటుంది. ప్రాసెసర్ మీది నుంచి ఆ రేకుల దాకా పోయే రాగి గొట్టాన్ని, అంటే హీట్ పైపును, చూపించాడు. గట్టి రాగి కడ్డీ అనుకున్నాను. లోపల బోలుగా ఉంటుందట, అందులో కొద్దిగా నీళ్లుంటాయట. గొట్టంలో గాలి తీసేసి ఉంటుంది కాబట్టి ఆ నీరు తక్కువ వేడికే ఆవిరవుతుంది. ఆవిరి చల్లటి కొసకు పోయి, వేడిని రేకులకిచ్చి, మళ్లీ నీరై, లోపలి వత్తిలాంటి పొర గుండా వెనక్కి వస్తుంది. మోటారు లేదు, కరెంటు లేదు. చుక్క నీరు పడితే పాడైపోయే యంత్రాన్ని లోపల చల్లబరుస్తున్నది నీరే! ఇప్పటి తరహా హీట్ పైపును 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ రూపొందించారు. ఉపగ్రహాల్లో పనిచేశాకే అది మన బల్లల మీదికి వచ్చింది. ఇంత చక్కటి పనితనాన్ని ఇంటి దుమ్ము ఆపేసిందంటే నాకు బాధగానే అనిపించింది.

ఆ గొట్టానికీ ప్రాసెసర్‌కూ మధ్య పూసే పేస్టు ఎండి పెళుసుబారింది. ఆ రెండు ఉపరితలాల మధ్య కంటికి కనబడని గుంటల్లో గాలి చేరితే వేడి సరిగ్గా దాటదు, ఆ గుంటలు నింపడమే పేస్టు పని. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాతది తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాడు. ఫ్యాన్ తిరక్కుండా వేలితో పట్టుకుని దుమ్ము దులిపాడు. మళ్లీ అదే పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి చూస్తే, ఉష్ణోగ్రత చూపించే హెచ్‌డబ్ల్యూ మానిటర్ ప్రోగ్రాములో అంతకు ముందు 95 దాటే అంకె 78 దగ్గర నిలబడింది. ర్యామ్ కొనలేదు. ఫార్మాట్ చేయలేదు. ఆ పుస్తకం అచ్చయింది.

షాపుకు వెళ్లే ముందు మీరూ ఒక కాగితం మీద వేళలు రాసుకోండి. వేడి మీద అనుమానం వస్తే విప్పే పని తెలిసినవాళ్లకే అప్పగించండి. ఒక్క సందర్భంలో మాత్రం రాసుకుంటూ కూర్చోవద్దు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, వెనక మూత అంచు విచ్చుకున్నా లోపల లిథియం బ్యాటరీ ఉబ్బుతోందని అర్థం. దాన్ని నొక్కకండి, గుచ్చకండి, ఛార్జింగ్ పెట్టకండి. ఆఫ్ చేసి, ఆ రోజే తీయించేయండి.