నామక్కల్: దాణా మిల్లులో గుడ్డు జాతకం

తమిళనాడులోని నామక్కల్‌లో ముందుగా కంటబడేది ఊరి నడుమ నిటారుగా లేచిన రాతికొండ, దాని నెత్తిన కోట. ఆ చెంతనే 18 అడుగుల ఆంజనేయుడు. ఊరు దాటగానే దృశ్యం మారిపోతుంది. పొడవాటి కోళ్ల షెడ్లు, పంజరాల బారులు, గుడ్ల ట్రేలు ఎక్కించుకుంటున్న లారీలు. దేశానికి గుడ్లు పంచే ఈ జిల్లా జాతకాన్ని రాసేది మాత్రం దాణా మిల్లు.

లెక్క తేలికే. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. పదివేల కోళ్లున్న రైతుకు రోజుకు 11 క్వింటాళ్లు కావాలి. కిలోకు ఒక్క రూపాయి పెరిగితే రోజుకు రూ.1,100 అదనపు భారం. గుడ్డు ధర అతని చేతిలో ఉండదు. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ సూచించే ధరే మార్కెట్‌కు దిక్సూచి.

దాణాలో మాంసకృత్తులకు ప్రధాన ఆధారం సోయా చెక్క. 2021 ఆగస్టులో అది కిలో వంద రూపాయల దాకా ఎగబాకింది. జన్యుమార్పిడి పంటలపై ఎంత రగడ ఉన్నా, 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి కేంద్రం అనుమతి ఇవ్వక తప్పలేదు.

మరి ప్రత్యామ్నాయాలు లేవా? ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో లోపం. పొద్దుతిరుగుడు చెక్కలో పీచు ఎక్కువ, లైసిన్ తక్కువ. మన వంటింట్లోనూ కనిపించే తెలగపిండిలో మిథియోనిన్ దండిగా ఉన్నా లైసిన్ కొరతే. వేరుశనగ చెక్కకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పత్తిగింజల చెక్కలోని గాసిపాల్ వల్ల నిల్వ ఉంచిన గుడ్డులో పచ్చసొన ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆవ చెక్క మోతాదు మించితే థైరాయిడ్‌కు చేటు.

అందుకే సోయాను పూర్తిగా తప్పించకుండా, రెండు మూడు చెక్కలను కొద్దికొద్దిగా కలిపి, కొరతపడిన అమైనో ఆమ్లాలను విడిగా చేర్చడమే ఆచరణలో ఉన్న దారి. ఇందుకు ప్రతి లోడునూ పరీక్షించాలి. నామక్కల్‌లో పశువైద్య కళాశాల ఉంది, పెద్ద ఫారాలకు పోషకాహార నిపుణులూ ఉన్నారు. చౌకగా దొరికిందని లోడు దించుకునే చిన్న రైతు మాత్రం, గుడ్లు తగ్గాక గానీ తప్పు తెలుసుకోలేడు.

ఇది అతని ఒక్కడి నష్టం కాదు. తమిళనాడులోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంటుంది. పేదింటి పిల్లల కంచంలోని ఆ గుడ్డు నిలవాలంటే, ఆవిరి కక్కే వంటశాల కంటే ముందు దుమ్ము రేగే దాణా మిల్లును పట్టించుకోవాలి.