నాయిన నాకు చెప్పిన బొమ్మ

1977 డిసెంబర్ 25న చార్లీ చాప్లిన్ స్విట్జర్లాండ్‌లో పోయాడు. అప్పటికి 88 ఏళ్లు. ఆ కబురు షోలాపూర్‌లో మా వాడకు మరాఠీ పేపర్లో వచ్చింది. చాయ్ హోటల్లో పేపర్ చదివి వినిపించిన పెద్దాయన, "మనల్ని నవ్వించినోడు పోయిండు" అన్నాడు. అప్పుడు నాకు 14 ఏళ్లు.

కొన్నాళ్లకు వాడ పోరగాళ్లు తలా రూపాయి చందా వేసుకుని, ప్రొజెక్టర్ కిరాయికి తెచ్చి, గుడి ముందు తెల్లగుడ్డ కట్టి ఆయన సినిమా వేశారు. 1936లో తీసిన 'మోడర్న్ టైమ్స్'. మేం నేసిన చద్దర్లే కప్పుకుని వాడంతా చలిలో కూర్చుంది.

నాయినను తీసుకుపోవడం నాకు ఇష్టం లేదు. కారణం చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. ఇరవై ఏళ్లు మిల్లులో సాంచాల మధ్య నిలబడి ఆయన చెవులు పోయాయి. టాకీసులో మాటిమాటికీ "ఏమన్నడు?" అని అడిగేవాడు. నేను చెవిలో అరిస్తే ముందు వరుసవాళ్లు తిరిగి చూసేవాళ్లు. ఒకరోజు విసుగొచ్చి, "నాకు తెల్వది, ఊకో" అన్నాను. ఆ తర్వాత నాయిన టాకీసుకు రావడమే మానేశాడు.

ఆ రాత్రి ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

చార్లీకి ఫ్యాక్టరీలో పని. బెల్టు మీద వచ్చే నట్లు రెండు చేతులా బిగించాలి. పని ఆగినా చేతులు ఆగవు. ఆడమనిషి గౌను మీద గుండీలు కనపడితే వాటినీ బిగించబోతాడు. అందరం పడిపడి నవ్వాం. నాయిన కూడా నవ్వుతూ నా మోకాలు తట్టి తన వేళ్లు చూపించాడు. తెగిన పోగు ముడేస్తున్నట్టు కదిలించాడు. నిద్రలో ఆయన వేళ్లు అట్లా కదలడం చూసి అక్కా నేనూ నవ్వుకునేవాళ్లం. అది పని అని నాకప్పుడు అర్థమైంది.

తర్వాత అన్నం తినిపించే యంత్రం వచ్చింది. కూలీల తిండి టైం కూడా మిగులుతుందని యజమానికి చూపించే యంత్రం. అది చెడిపోయి చార్లీ మూతిని వాయగొడుతుంటే నాయిన వంగి నాతో అన్నాడు: "సూడు బిడ్డా, మనం తినే అర్ధగంట మీద గూడ ఆళ్ల కన్ను వడ్డది."

ఆ సినిమా తీసేనాటికి మాటల సినిమాలు ఎప్పుడో వచ్చేశాయి. అయినా చాప్లిన్ తన పనివాడికి మాటలు పెట్టలేదు. గొంతు వినపడేది తెర మీంచి గద్దించే యజమానిది, రికార్డుది, రేడియోది. చివర్లో చార్లీ పాడతాడు గాని, అవి ఏ భాషా కాని మాటలు. సాంచాల మోతలో మన వాళ్లదీ అదే తీరు. పెదవులతో, వేళ్లతోనే అంతా. నాయినకు ఆ భాష వచ్చు, నాకు రాదు. ఆ రాత్రి "ఏమైంది? ఏమైంది?" అని అడిగింది నేను. ఆయన విసుక్కోకుండా చెప్పాడు.

చాప్లిన్ సంగతులు పెద్దయ్యాక తెలిశాయి. ఆల్డర్‌షాట్‌లో నాటకశాల మీద పాడుతూ పాడుతూ తల్లి గొంతు పోతే, ఐదేళ్ల కొడుకు వేదికెక్కి పాడాడట. ఏడేళ్లకే అనాథల్లాగా బీదల వసతిలో పడ్డాడు. 1931లో లండన్‌లో గాంధీగారిని కలిసి, యంత్రాలంటే మీకెందుకు గిట్టదని అడిగాడు. ఐదేళ్లకు ఈ సినిమా తీశాడు.

నాయిన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ డిసెంబర్ 25న మా ఇంట్లో ఆ బొమ్మ వేసుకుంటాం. మీ ఇంట్లో కూడా చెవులు మిల్లుకిచ్చి వచ్చిన పెద్దలుంటే, ఒకసారి ఇది వేసి పక్కన కూర్చోండి. ఏం అర్థమైందో వాళ్లనే అడగండి.