మామ బండి గేరు, నేను తిరగేసి పట్టుకున్న ప్లేటు

 

మన గ్రూపులో ఎక్కువగా స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్ల పోస్టులే ఉంటయి. నాది మాత్రం గేర్‌బాక్స్ ముచ్చట. కొంచెం పెద్దగనే ఉంటది, టైమున్నప్పుడు చదవండి.

నేను అబ్దుల్లాపూర్‌మెట్‌ల హాస్టల్‌ల ఉండి మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. తండాల ఇంజినీర్ అంటే అన్నీ బాగుచేసేటోడు. సెలవులకు పోతే బోరు మోటరు చూడమంటరు, మిక్సీ పట్టుకొస్తరు. నాకు స్టార్టర్ డబ్బా విప్పుడు కూడా రాదని ఎవరికి చెప్పుకోవాలె?

మా యాడి తమ్ముడు, అంటే మా మామ, ఇరవై ఏండ్లు లారీ తోలిండు. క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు పోయింది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటడు. క్లచ్ లేని బండైతే ఇంకో పదేండ్లు తోలుకోవచ్చని, అప్పు చేసి ఒక పాత ఆటోమేటిక్ ఎస్‌యూవీ కొన్నడు. విజయవాడ హైవే మీద కిరాయిలు, ఫిల్మ్ సిటీకి వచ్చేటోళ్లను తిప్పుడు, గదే బతుకు.

మొన్న ఎండాకాలంల బండికి రోగం మొదలైంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మంచిగనే పోతది. ఎల్బీనగర్ ట్రాఫిక్‌ల గంట సేపు ఆగుతూ పోతే మాత్రం, రెండు నుంచి మూడో గేరుకు పోయేటప్పుడు ఇంజన్ ఒక్కసారిగా అరుస్తది, బండి మాత్రం ముందుకు పోదు. ఒక సెకను తర్వాత మెల్లగా అందుకుంటది. మామ సర్వీస్ సెంటర్‌కు తీసుకపోతే "ఇది విప్పేది కాదు, మొత్తం మార్చాలె" అని రెండున్నర లక్షలు చెప్పిన్రట. బండి కొన్న అప్పే ఇంకా సగం తీరలేదు.

ఆ రాత్రి ఫోన్ చేసిండు. "అల్లుడా, నువ్వు గిదే చదువుతున్నవు గదా. వాళ్లు చెప్పింది నిజమేనా?"

పరీక్షల ప్లానెటరీ గేర్ బొమ్మ గీసి పది మార్కుల ప్రశ్న రాసినోడిని. నిజం గేర్‌బాక్స్‌ను ఒక్కసారి గూడ ముట్టుకోలే. అయినా "చూసి చెప్త మామా" అన్న. నిద్ర పట్టలే.

హైవే పక్కన గేర్‌బాక్సులే చేసే ఒక ఉస్తాద్ ఉన్నడని హాస్టల్ వంటాయన చెప్పిండు. ఆదివారం ఇద్దరం పోయినం. ఉస్తాద్ ముందుగాల ఏదీ విప్పలే. వేడెక్కేదాక బండి తోలిండు, గేజీ పెట్టి ఆయిల్ ప్రెషర్ చూసిండు. చల్లగున్నప్పుడు సరిగ్గా ఉన్న ప్రెషర్, వేడెక్కినంక పడిపోతున్నది. అప్పుడు అడుగు ప్యాన్ దించి, దాంట్ల ఉండే అయస్కాంతం తుడిచి చూపించిండు. సన్నటి బూడిదరంగు ముద్ద. "గింత మామూలే. ఇనుప ముక్కలుంటే, నల్ల పొట్టు రాలితే, క్లచ్ ప్లేట్లు పోయినట్టు. అప్పుడు నేను గూడ పెద్ద ఖర్చే చెప్తుంటి" అన్నడు.

అసలు లోపల ఏం జరుగుతదో నాకు ఆరోజే తెలిసింది. ఈ రకం బాక్సుల ప్రతి పని ఆయిల్ ప్రెషర్‌తోనే. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లకు జనరల్ మోటార్స్ పెట్టిన హైడ్రామాటిక్ నుంచి ఇదే పద్ధతి, రెండో ప్రపంచ యుద్ధంల ట్యాంకుల్లో గూడ అదే నడిచింది. పంపు ఆయిల్‌ను తోస్తది. వాల్వ్ బాడీ అనే అల్యూమినియం దిమ్మెల చీమల పుట్టలెక్క దారులుంటయి, వాటిల్ల చిన్న చిన్న వాల్వులు, స్ప్రింగులు. ఏ దారి తెరుచుకుంటే ఆ క్లచ్ పట్టుకుంటది. ఏండ్ల తరబడి వాల్వు అటూ ఇటూ జరిగి జరిగి దాని గూడు అరుగుతది. వేడికి ఆయిల్ పల్చబడి ఆ సందుల నుంచి కారిపోతది. క్లచ్‌ను గట్టిగా నొక్కాల్సిన ప్రెషర్ అట్ల పోతది.

మామకు ఇది ఎట్ల చెప్పాలె? బోరింగు కాడ ఆడోళ్లు ఒకరి నెత్తి మీది బిందె ఇంకొకరి నెత్తి మీదకు ఎత్తుతరు గదా, గది చెప్పిన. ఈమె పట్టుకోకముందే ఆమె వదిలితే బిందె జారుతది. నీ బండి ఇంజన్ అరిచేది ఆ సందులనే. ఇద్దరూ వదలకుండ గుంజితే ఎవరూ కదలరు, గది గూడ తప్పే. మామ నవ్విండు. "మరి ఇన్ని రోజులు గేరు ఎంత మెత్తగ పడితే అంత మంచి బండి అనుకున్న గదరా" అన్నడు.

చాలామంది అట్లనే అనుకుంటరు, నేను గూడ అనుకున్న. గేరు పడ్డట్టే తెలియకపోతే బండి ఏ-వన్ అని. కానీ మెత్తదనం అంటే రెండు ప్లేట్లు కొంతసేపు ఒకదాని మీద ఒకటి రాసుకుంటున్నయని. అరచేతులు గట్టిగా రుద్దండి, వేడి పుడతది. కంపెనీ వాళ్లు ప్రయాణం సుఖంగ ఉండాలని ఆ రాపిడి కొంచెం ఉంచుతరు. కొత్తల ఫరక్ పడదు. బాక్సు పాతబడ్డంక ఆ కొంచెమే ఎక్కువై ప్లేట్లను తింటది. షిఫ్ట్ కిట్ ఆ రాపిడి టైమును తగ్గిస్తది. గట్టి స్ప్రింగులు, అరిగిన గూటికి సరిపోయే కొత్త వాల్వు, ఇంకా సెపరేటర్ ప్లేట్‌ల రెండు మూడు రంధ్రాలు పెద్దవి చేసుడు. అట్ల చేస్తే క్లచ్‌కు ఆయిల్ జల్ది చేరుతది.

కిట్ ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి తెప్పించిండు ఉస్తాద్. దాంతోని నాలుగు పేజీల ఇంగ్లిష్ కాగితం వచ్చింది. ఉస్తాద్‌కు చేతులు చదువుతయి, కాగితం రాదు. ఎప్పుడూ చదివే మేనల్లుడు ఊరికి పోయిండట. "తమ్మీ, నువ్వు చదువు, నేను చేస్త" అన్నడు. నా ఇంగ్లిష్‌ను నమ్మి ఒకరు పని మొదలుపెట్టుడు నా జీవితంల గదే మొదటిసారి.

కాగితంల కొలతలు అంగుళాల్లో ఉన్నయి. రెండో గేరు రంధ్రం 0.086, మూడోది 0.110. 25.4తో గుణించి 2.2, 2.8 మిల్లీమీటర్లని చెప్పిన. ప్లేటు చేతుల పట్టుకుని, కాగితం మీది బొమ్మతో పోల్చి, మార్కర్‌తో రెండు రంధ్రాలకు సున్నాలు చుట్టిన. ఉస్తాద్ 2.8 బిట్ బిగించి, డ్రిల్ ఆన్ చేసి, ఆగిండు.

"రెండో గేరుకు ఇంత పెద్ద రంధ్రమా? మళ్ల చూడు."

చూసిన. లెక్క కరెక్టే. ఇంకోసారి చూసిన. అప్పుడు కనిపించింది, బొమ్మల ప్లేటు మూలకు ఉన్న గాడి ఎడమ దిక్కు ఉంది, నా చేతిల కుడి దిక్కు ఉంది. ప్లేటు తిరగేసి పట్టుకున్న. చుట్టిన సున్నాలన్నీ తప్పు. నా చేతులు వణికినయి. చిన్న రంధ్రాన్ని పెద్దది చేయొచ్చు, పెద్దదాన్ని చిన్నది చేయలేం. ఆ ప్లేటు పోతే ఇంకో రెండు వారాలు బండి ఆగేది, మామ కిస్తీ ఆగేది. ఉస్తాద్ తిట్టలే. స్పిరిట్‌తో మార్కులు తుడిచి ప్లేటు నా చేతికే మళ్ల ఇచ్చిండు. అటు తిరిగి కూర్చుని మామ బీడీ ముట్టిచ్చుకున్నడు. ఆయన చూసిండో లేదో నేను ఇప్పటిదాక అడగలే.

కాగితంల రెండు రకాలుండె, మామూలుది ఒకటి, బరువు లాగేటోళ్లకు ఇంకా గట్టిది ఒకటి. మామ గట్టిదే పెట్టమన్నడు, లారీ బుద్ధి. నేను వద్దన్న. మరీ గట్టిగ కొడితే ఆ దెబ్బ మౌంట్ల మీద, షాఫ్టుల మీద పడతది, ఎనక సీట్ల ముసలోళ్లు కూసుంటరు. ఉస్తాద్ నా దిక్కే మాట్లాడిండు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు కొంచెం పాణం వచ్చింది అప్పుడే.

బిగించేటప్పుడు ఒక ఇనుప గుండు నా చేతుల నుంచి జారి బెంచీ కింద పడింది. గంటసేపు ఎతికినం. అయస్కాంతానికి తీగ కట్టి గుంజితే ఎలుక బొక్కల నుంచి వచ్చింది. గది లేకుండ బిగిస్తే ఆయిల్ పోకూడని దారిల పోతది. విప్పే ముందే ఏ గుండు ఏడుందో ఫోటో తీసిన కాబట్టి ఎన్ని ఉండాలెనో మాకు తెలుసు. ఫోటోలు తీయుడు మర్చిపోకండి.

కొత్త ఆయిల్ పోసి, ఇంజన్ నడుస్తుండంగనే లెవెల్ చూసి, బాటసింగారం దాక పోయి వచ్చినం. ఎండ, ట్రాఫిక్, ఏసీ అన్నీ ఉన్నయి. రెండు నుంచి మూడుకు పోయేటప్పుడు వీపుకు చిన్నగ ఒక తోపు తగిలింది, గంతే. ఇంజన్ అరవలే. మామ మూడుసార్లు ఆపి మళ్ల మళ్ల తోలిండు. ఏం మాట్లాడలే, స్టీరింగ్ మీద వేళ్లతో దరువేసిండు.

అన్నీ కలిపి 38 వేలయినయి. నాలుగు నెలలైంది, నడుస్తున్నది. ఆయిల్ కూలర్ ఒకటి పెట్టించాలని ఉస్తాద్ అన్నడు, పైసలు జమ చేస్తున్నం.

ఒక మాట. ఇది అన్ని ఆటోమేటిక్‌లకు కాదు. 2014ల సెలేరియోతోని మన దగ్గరికి వచ్చిన ఏఎంటీ వేరే. అది మామూలు మాన్యువల్ బాక్సే, క్లచ్ తొక్కి గేరు మార్చే పని మనకు బదులు మిషన్ చేస్తది. ఈ కిట్ దానికి పనికిరాదు. ప్లేట్లు ఇప్పటికే కాలిపోయిన బాక్సును గూడ కిట్ బతికియ్యదు. ఆయిల్ నల్లగై మాడు వాసన వస్తే ముందు అది చూపించండి.

మీ ఇంట్ల ఎవరైనా ఆటోమేటిక్ తోలుతుంటే, బండి వేడెక్కినంకనే గేరు జారుతుందా, పొద్దున గూడ జారుతుందా అడిగి ఇక్కడ రాయండి. నాకు తెలిసింది చెప్త, తెలియంది ఆదివారం ఉస్తాద్‌ను అడిగి చెప్త. ప్రతి ఆదివారం అక్కడికే పోతున్న ఇప్పుడు.