పగటివేషగాడు మేయరైన ఊరు

మున్సిపల్ ఎన్నికల హామీలు మీకూ నాకూ కొత్తేం కాదు. మంచినీళ్ళు, మురుగు కాలవలు, దోమలు, వీధి దీపాలు, ఇంటి పన్ను. అభ్యర్థి మారతాడు గానీ కరపత్రం మారదు. అలాంటి మనం ఒక్కసారి చెవి ఇటు పెట్టి ఈ హామీలు వినాలి. ఊళ్ళోని ఈతకొలనులన్నిటిలో తువ్వాళ్ళు ఉచితం. జూకి ఒక ధ్రువపు ఎలుగుబంటి. విమానాశ్రయంలో డిస్నీలాండ్. 2020 కల్లా మత్తుమందులు వాడని పార్లమెంటు. వీటన్నిటికీ చివర ఒక గ్యారంటీ: గెలిపిస్తే ఒక్క హామీ కూడా నిలబెట్టుకోం. ఎలాగూ నెరవేర్చేది లేదు కాబట్టి అందరికంటే మేమే ఎక్కువ హామీలు ఇవ్వగలం అన్నది వాళ్ళ వాదన. ఇందులో తప్పెక్కడుందో మీరే పట్టుకోండి, నాకైతే దొరకలేదు.

ఇలా అన్నవాడు ఓడిపోయి ఉంటే ఈ కబురు ఇక్కడితో సరి. గెలిచాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఊరు రేక్యవిక్, ఐస్‌లాండ్ రాజధాని. రాజధాని అన్నమాటేగానీ 2010 ఎన్నికల నాటికి జనాభా సుమారు 1,20,000. మన తెనాలి కంటే చిన్నది. దేశం మొత్తాన్ని కుప్ప పోస్తే ఒక రాజమండ్రి అవుతుందేమో. మనిషి పేరు యోన్ గ్నార్. ఆ దేశంలో టెలిఫోన్ డైరెక్టరీలో కూడా జనాన్ని సొంత పేర్ల వరసలోనే వేసేవారు, ప్రధానమంత్రినైనా పేరు పెట్టే పిలుస్తారు. కాబట్టి మనమూ చనువుగా యోన్ అనే అనుకుందాం.

1967లో పుట్టాడు. తండ్రి పోలీసు ఉద్యోగి, పైగా కరడుగట్టిన కమ్యూనిస్టు. ఆ రెండూ ఒకే ఇంట్లో, ఒకే మనిషిలో కాపురం చేశాయంటే ఆ పిల్లవాడికి హాస్యం ఎక్కడినుంచి అబ్బిందో వేరే చెప్పాలా? డిస్లెక్సియా వల్ల అక్షరాలతో కుస్తీ, బడితో పేచీ. పదమూడు పద్నాలుగేళ్ళకే పంక్ సంగీతంలో పడ్డాడు. ఊళ్ళో కుర్రాళ్ళతో కలిసి కట్టిన బ్యాండుకు వాళ్ళు పెట్టుకున్న పేరు మన భాషలో చెప్పాలంటే ‘చీమిడి ముక్కు’. తర్వాత టాక్సీ నడిపాడు, మానసిక రోగుల దగ్గర సహాయకుడిగా పనిచేశాడు, రేడియోలో స్నేహితుడితో కలిసి వెర్రిమొర్రి ప్రోగ్రాములు చేశాడు, టీవీలో హాస్యం పండించాడు. 2007లో వచ్చిన ఒక సీరియల్‌తో ఇంటింటికీ తెలిసిపోయాడు. అందులో ఆయన వేషం పెట్రోల్ బంకులో రాత్రి షిఫ్టు మేనేజరు. డిగ్రీల మీద డిగ్రీలు, నోరు తెరిస్తే మార్క్సిజం, కింద పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళకు మాత్రం నరకం.

నటులు ఎన్నికల్లో నిలబడటం మనకు వింతా ఏమన్నానా? ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. అయితే తేడా గమనించండి. ఎన్టీఆర్ చైతన్యరథం ఎక్కితే ఆయన వెనక రాముడూ కృష్ణుడూ కూడా ఎక్కారు. యోన్ వెనక నడిచొచ్చింది ఆ పెట్రోల్ బంకు మేనేజరు. దేవుడి వేషం వేసినవాడికి ఓటెయ్యడం ఒక సంగతి. చిల్లర నియంతగా నవ్వించినవాడికి, నవ్వుతూనే, తెలిసి తెలిసి ఓటెయ్యడం ఇంకో సంగతి. అందుకు జనానికి ఎంత ఒళ్ళు మండి ఉండాలి?

మండింది మరి. 2008 అక్టోబరులో ఐస్‌లాండ్‌లోని మూడు పెద్ద బ్యాంకులూ కొద్ది రోజుల తేడాలో కూలిపోయాయి. చేపలు పట్టుకుని బతికిన దేశం ఉన్నట్టుండి ప్రపంచానికి అప్పులిచ్చే షావుకారు అవతారమెత్తితే, ఆ అవతారం కాస్తా ముగిసింది. వాళ్ళ కరెన్సీ క్రోనా విలువ పడిపోయింది. విదేశీ కరెన్సీ లెక్కన ఇళ్ళకు అప్పులు తీసుకున్నవాళ్ళ వాయిదాలు కొండెక్కాయి. 2009 జనవరి చలిలో జనం పార్లమెంటు ముందు చేరి గిన్నెలూ గరిటెలూ పట్టుకుని మోగించారు, ప్రభుత్వం పడిపోయింది. 2010 ఏప్రిల్లో బ్యాంకుల పతనంపై విచారణ సంఘం రెండు వేల పేజీలు దాటిన నివేదిక ఇచ్చింది. రేక్యవిక్ సిటీ థియేటర్ నటులు దాన్ని వేదిక మీద రేయింబవళ్ళు ఆపకుండా, మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించారు. మన ఊళ్ళలో సప్తాహాలు చేస్తారే, అచ్చం అలాగ. సరిగ్గా ఆ వారంలోనే ఒక అగ్నిపర్వతం పేలి, దాని బూడిదకు యూరప్‌లో విమానాలన్నీ నేలమీద కూర్చున్నాయి. దేశం నవ్వాలో ఏడవాలో తెలియని స్థితిలో ఉంది.

నగర పాలన సంగతి ఇంకా చోద్యం. 2006లో మొదలైన నాలుగేళ్ళ గడువులో రేక్యవిక్‌కు నలుగురు మేయర్లు మారారు. అక్కడా మన కార్పొరేషన్లలో లాగే కౌన్సిల్ సభ్యులే మేయర్ను ఎన్నుకుంటారు కాబట్టి ఒకరు గోడ దూకితే కుర్చీ ఖాళీ. క్యాంపు రాజకీయాలు చూసిన కళ్ళకు ఇదంతా వివరించక్కర్లేదు.

అలాంటి వేళ యోన్ ఒక పార్టీ పెట్టాడు. పేరు బెస్ట్ పార్టీ. మిగతావన్నీ దానికంటే తీసికట్టేనని పేరులోనే తేల్చేశాడు. అభ్యర్థులు ఎవరయ్యా అంటే పంక్ గాయకులు, నటులు, స్నేహితులు. వాళ్ళలో ఒకడు ఐనార్ ఓర్న్, గాయని బ్యోర్క్‌తో కలిసి షుగర్‌క్యూబ్స్ బ్యాండులో పాడినవాడు. ఇంకొకడు ఓట్టర్ ప్రోప్పే, హామ్ అనే భారీ రాక్ బ్యాండులో గొంతు చించుకునేవాడు. టీనా టర్నర్ పాడిన ప్రసిద్ధమైన పాట బాణీకి తమ హామీలన్నీ కూర్చి వీడియో తీశారు. సిద్ధాంతం ఏమిటని అడిగితే అరాచకవాదానికి అధివాస్తవికత కలిపిన రకం అన్నాడు. పొత్తుల సంగతి అడిగితే, బాల్టిమోర్ నగరంలో పోలీసులు, మత్తుమందుల ముఠాలు, మున్సిపల్ రాజకీయాల మీద తీసిన ‘ది వైర్’ సీరియల్ చూడనివాళ్ళతో పొత్తు కుదరదన్నాడు. నవ్వండి, ఫరవాలేదు. మేయర్ కాబోయేవాడికి ఆ సీరియల్ కంటే మంచి పాఠ్యపుస్తకం ఏముంది?

ఆ ఎలుగుబంటి హామీ కూడా ఉత్తుత్తి మాట అనుకోకండి. ఐస్‌లాండ్‌లో ధ్రువపు ఎలుగులు ఉండవు. ఎప్పుడో ఒకటి గ్రీన్‌లాండ్ వైపునుంచి మంచు పలకల మీద కొట్టుకొస్తుంది, వచ్చీ రాగానే కాల్చేస్తారు. 2008 జూన్‌లో అలా రెండింటిని కాల్చారు, దేశమంతా పెద్ద చర్చయింది. ఇక ఊళ్ళోని జూలో ఉండేవి గొర్రెలు, ఆవులు, గుర్రాలు, సీల్ జంతువులు. ఈతకొలను సంగతి సరేసరి. భూగర్భంలోంచి వచ్చే వేడినీళ్ళతో నిండే ఆ కొలనుల్లో మంచు కురుస్తున్నా జనం మెడలోతు కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటారు. మన ఊళ్ళో రచ్చబండ ఏమిటో అక్కడ ఈతకొలను అది. ఊరి నాడి తెలియనివాడు చేసే వేళాకోళం కాదిది.

ఇలా వేషగాళ్ళు మేయర్ పదవికి పోటీ చెయ్యడం యోన్‌తో మొదలవ్వలేదు. 1979లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డెడ్ కెనెడీస్ అనే పంక్ బ్యాండు గాయకుడు జెల్లో బియాఫ్రా, ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు, మేయర్ ఎన్నికల్లో దిగాడు. నగరంలో వ్యాపారస్తులంతా విదూషకుల దుస్తులు వేసుకోవాలన్నది ఆయన మేనిఫెస్టోలో ఒక అంశం. దాని పక్కనే, పోలీసులు తాము గస్తీ తిరిగే పేటలో ప్రజల ఓట్లతో ఎన్నికై ఉద్యోగం నిలుపుకోవాలన్నది ఇంకొకటి. మొదటిది విని నవ్వినవాళ్ళు రెండోదాని దగ్గర ఆగిపోయారు. అంతకు ముందు ఏడాదే ఆ నగర మేయర్ జార్జ్ మస్కోనీ, కౌన్సిల్ సభ్యుడు హార్వే మిల్క్ సిటీ హాల్లోనే హత్యకు గురయ్యారు. చంపినవాడు మాజీ పోలీసు, మాజీ కౌన్సిల్ సభ్యుడు. వాడికి కోర్టు వేసింది ఏడేళ్ళ చిల్లర శిక్ష. ఆ కోపంలోంచి పుట్టిన పరిహాసం అది. బియాఫ్రాకు 6,500 పైచిలుకు ఓట్లు వచ్చాయి. ఓడిపోయి హాయిగా పాటలు పాడుకున్నాడు. వేషగాడికి ఓటమంత సుఖం లేదు. వేషం విప్పనక్కర్లేదు.

యోన్‌కు ఆ అదృష్టం దక్కలేదు. 2010 మే 29న ఓట్లు లెక్కపెడితే బెస్ట్ పార్టీకి 34.7 శాతం, పదిహేను సీట్లలో ఆరు. అన్ని పార్టీల కంటే ఎక్కువ. నవ్విన నాపచేనే పండింది. సోషల్ డెమొక్రాట్ల ముగ్గురినీ కలుపుకుని మేయర్ కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళ నాయకుడు దాగుర్ ఎగ్గెర్ట్‌సన్ వైద్యుడు, అంతకుముందు మారిన నలుగురు మేయర్లలో ఒకడు. ఫైళ్ళూ బడ్జెట్లూ ఎక్కువగా ఆయనే చూసేవాడని విమర్శించినవాళ్ళు ఉన్నారు. చూస్తే ఏమిటట? తనకు రాని పని వచ్చినవాడికి అప్పగించిన నాయకులు మీకెందరు తెలుసు?

అసలు పరీక్ష వేడినీళ్ళ రూపంలో వచ్చింది. రేక్యవిక్‌లో ఇళ్ళు వెచ్చగా ఉండటానికి కట్టెలూ బొగ్గూ వాడరు. భూగర్భ వేడినీళ్ళు గొట్టాల ద్వారా ఇంటింటికీ వస్తాయి. ఆ నీళ్ళూ కరెంటూ ఇచ్చే సంస్థ దాదాపుగా నగరపాలక సంస్థ సొత్తు. సంపద పొంగిన రోజుల్లో ఆ సంస్థ కూడా బయటి దేశాల్లో పెట్టుబడుల మోజులో పడింది. ఆ వ్యవహారమే 2007లో ఒక మేయర్ను దింపింది. కొత్త విద్యుత్ కేంద్రాలకు తెచ్చిన అప్పులు చాలా మటుకు విదేశీ కరెన్సీలో ఉన్నాయి. క్రోనా కూలగానే ఆ అప్పులు రెట్టింపు బరువయ్యాయి. యోన్ వచ్చేసరికి సంస్థ దివాలా అంచున ఉంది. నీళ్ళ కంపెనీ మునిగితే ఊరు మునిగినట్టే.

నవ్వించి పైకొచ్చినవాడు అప్పుడేం చేశాడు? జనానికి నచ్చని పనులన్నీ చేశాడు. వేడినీళ్ళ ఛార్జీలు పెంచారు. ఉద్యోగులను తగ్గించారు. 2011లో ఆస్తులు అమ్మడం, కొత్త పనులు ఆపడం, నగరం ఖజానా నుంచే సంస్థకు అప్పివ్వడం అన్నీ కలిపి ఒక ప్రణాళిక తయారుచేశారు. పిల్లల బడులను ఒకదాంట్లో ఒకటి కలిపితే తల్లిదండ్రులు తిరగబడ్డారు. ఆ తల్లిదండ్రుల కోపం న్యాయమే, దాన్ని ఎంత హాస్యంతోనూ కప్పలేం. కానీ సంస్థ నిలబడింది. నా లెక్కలో ఇందులో ఆ వెర్రి మేనిఫెస్టో పాత్ర కూడా ఉంది. ఛార్జీలు పెంచం అని ఊరూరా చెప్పి గెలిచినవాడు తర్వాత పెంచడానికి జంకుతాడు, వాయిదా వేస్తాడు, పాత పాలకుల మీదకు నెడతాడు. ఓడ దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అనిపించుకోవడం ఎవరికిష్టం? యోన్ తాను బోడి మల్లన్న అవుతానని ముందే చెప్పి ఓడ ఎక్కాడు. ఎవరికీ బాకీ లేదు. తువ్వాళ్ళు తప్ప ఏం అడుగుతారు ఆయన్ని?

వేషాలు మాత్రం మానలేదు, మానితే మనకు కబురెక్కడిది? మేయర్ అయిన వేసవిలోనే స్వలింగ సంపర్కుల పండుగకు పూల గౌను, విగ్గు, లిప్‌స్టిక్‌తో హాజరయ్యాడు. 2012లో రష్యాలో పుస్సీ రయట్ అనే పంక్ బృందం గాయనులను జైల్లో పెట్టినప్పుడు వాళ్ళలాగే ముఖానికి ముసుగు తగిలించుకుని అదే పండుగ ఊరేగింపులో కనిపించాడు. ముంజేతి మీద నగర చిహ్నాన్ని పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. ఈ వేషాలన్నీ ఎందుకని సణిగినవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం సూటు వేసుకుని పద్ధతిగా బ్యాంకులను ముంచినవాళ్ళ వేషం కంటే గౌను వేషమే నిజాయితీగా కనిపిస్తుంది.

నాలుగేళ్ళు గడిచాయి. 2014లో మళ్ళీ నిలబడితే గెలిచే అవకాశాలు బాగానే ఉన్నాయి. నిలబడలేదు. పార్టీని కొనసాగించలేదు. మేయర్ పదవి దాగుర్‌కు వెళ్ళింది, ఆయన 2024 దాకా ఉన్నాడు. గొంతు చించుకునే ఓట్టర్ ప్రోప్పే పార్లమెంటుకు వెళ్ళి 2017లో ఆరోగ్య మంత్రి అయ్యాడు. యోన్ కొంతకాలం అమెరికాలో హ్యూస్టన్ వెళ్ళి అక్కడి విశ్వవిద్యాలయంలో రచయితగా కూర్చున్నాడు, మళ్ళీ నటించాడు, పుస్తకాలు రాశాడు. మొత్తం కథలో నాకు అన్నిటికంటే పెద్ద విచిత్రం ఈ దిగిపోవడమే. కుర్చీ ఎక్కడానికి వేషాలు వేసినవాళ్ళను చాలామందినే చూశాం. గెలిచే ఊపులో ఉండగా కుర్చీ వదిలినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టాలి.

రంగు పూర్తిగా కడిగేసుకున్నాడనుకోకండి. 2024లో అధ్యక్ష పదవికి పోటీచేసి పది శాతం ఓట్లతో నాలుగో స్థానంలో ఆగాడు. అదే ఏడాది నవంబరులో విద్రెయ్‌స్న్ అనే, యూరోపియన్ యూనియన్ వైపు మొగ్గే మామూలు పార్టీ టికెట్ మీద పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఈసారి ఎలుగుబంటి ఊసెత్తలేదు.