తీగకు గుచ్చిన కార్డు

మా ముత్తాత చార్మినార్ దగ్గర, గుల్జార్ హౌజ్ పక్కన ఒక జరీ దుకాణంలో గుమాస్తా. ఊళ్లో ఉన్న తమ్ముడికి ఆయన రాసిన కార్డుముక్క ఒకటి మా ఇంట్లో మిగిలింది. కార్డుముక్కకు దాపరికం ఉండదు. టపా తెచ్చినవాడు మొదలు చదివిపెట్టే పంతులు దాకా అందరి నోళ్లలో నానాకే ఇల్లు చేరేది. అందుకే క్షేమసమాచారాలతో సరిపెట్టి, ‘మిగతా సంగతులు ముఖాముఖి’ అని ముగించేవాళ్లు. వంశచరిత్ర తవ్వేవాళ్లకు కావలసిందంతా ఆ మిగతాలోనే ఉంటుంది.

తేదీ చూస్తే ‘ఆజుర్ 1342’. నిజాం సర్కారు లెక్కలు ఫసలీలో నడిచేవి, ఏడాది ఆజుర్‌తో మొదలయ్యేది. 590 కలిపితే 1932, అక్టోబరు–నవంబరు రోజులు. ‘దీపావళికి రాలేను’ అన్న మాట దానికి అతికినట్టు సరిపోయింది. టపా కూడా నిజాందే. అంతకు ముందు ఏడాదే చార్మినార్ బొమ్మతో అణా తపాలా బిళ్ల వేశారు. 1950 ఏప్రిల్ 1న ఆ టపా భారత తపాలాలో కలిసిపోయింది. కార్డు మీది ఉర్దూ ముద్రను చత్తాబజార్‌లో పెళ్లికార్డులు అచ్చువేసే పెద్దాయన చదివిపెట్టాడు. అంతవరకు దారి సాఫీగానే సాగింది.

అసలు చిక్కు నాలుగో వరసలో ఉంది. ‘లాడ్‌బజార్‌లో లక్క గాజులు కొన్నాను, మనిషి చేత పంపుతున్నాను, చి.’ తర్వాత ఒక బెజ్జం, ఆ పక్కన ‘...మ్మకు’. ఉత్తరాలను ఇనుప తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసే రోజులవి. తీగ సరిగ్గా పేరులోంచే దూరింది. మా వంశవృక్షంలో చూస్తే ముత్తాతకు ముగ్గురు కొడుకులే. గాజులు తొడుక్కునే పిల్ల ఎవరు?

చావు కబురు తెచ్చిన కార్డును గడప బయటే చదివి చింపేసేవాళ్లు. తీగకు ఎక్కేవి పెళ్లిళ్లు, పురుళ్లు, పంటలు, బాకీలు. పిల్ల చిన్నప్పుడే పోయి ఉంటుంది, కబురు చింపేసి ఉంటారు అనుకున్నాను. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఫసలీ కాగితాలు బోలెడు. వాటిలో భూమి ఉన్నవాడి పేరు దొరుకుతుంది, శిస్తు కట్టనివాడి పేరు దొరుకుతుంది. చేతికి గాజులున్న పిల్ల పేరు ఏ సర్కారుకూ అక్కర్లేదు.

చివరికి షాలిబండలో ఉండే మేనత్తను అడిగాను. కార్డు చేతిలోకి తీసుకోనైనా లేదు.

“లచ్చమ్మ గదరా. సచ్చిపోవుడేంది? ఆలేరుకిచ్చిన్రు. ఏడుగురు పిల్లలు. నీ నామకరణానికి గూడ అచ్చింది.”

పోయిందనుకున్న పిల్ల పెళ్లయి వెళ్లింది, అంతే. మా వంశవృక్షం రాసినవాళ్ల లెక్కలో ఆ రెండూ ఒకటే.