తాటిచెట్లకు మంచు పట్టే వేళ

ధనుర్మాసం వచ్చిందంటే విజయవాడ ఫొటోగ్రాఫర్లలో కొందరికి తెల్లవారుజాము నిద్ర ఉండదు. చీకటితోనే బండి తీసి కంకిపాడు, ఉయ్యూరు వైపు పోతారు. వాళ్ల గురి తాటిచెట్ల మీద, వాటిని సగం మింగిన పొగమంచు మీద.

ఈ మంచుకు సరుకంతా నేలలోనే ఉంది. 1855 నాటి ఆనకట్ట, ఆ తర్వాత 1957లో దాని స్థానంలో వచ్చిన ప్రకాశం బ్యారేజీ పారించిన నీళ్లతో డెల్టా మళ్లు తడిగానే ఉంటాయి. వరి కోతకు ముందే ఆ పదునులో రైతులు మినుము చల్లేస్తారు. పక్కనే కాలువలు, చేపల చెరువులు. మబ్బులేక, గాలి కదలని రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. దాన్ని అంటుకున్న తేమగాలి సన్నటి నీటి కణాలవుతుంది. కిలోమీటరు దూరం కూడా చూపు ఆనకపోతే వాతావరణ శాఖ లెక్కలో అది పొగమంచు. గన్నవరంలో విమానాలు ఆలస్యమయ్యేది ఇలాంటి పొద్దుల్లోనే.

మామూలు రోజుల్లో ఇక్కడ చెట్టును ఫొటో తీయడం తలనొప్పి. వెనక కరెంటు స్తంభం, సెల్‌టవరు, ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. మంచు వాటన్నిటినీ తుడిచేస్తుంది. ఎంత తుడిచినా ఆనవాలు చెడనిది తాటిచెట్టు: కొమ్మల్లేని మాను, పైన గుండ్రటి తల. గట్టు మీది వరసలో మొదటిది నల్లగా, రెండోది బూడిదరంగులో, అయిదోది ఉందా లేదా అన్నట్టు. నిద్రగన్నేరుకు, తుమ్మకు ఆ యోగం లేదు. మంచు చిక్కబడితే ముద్దగా కలిసిపోతాయి. జపాన్‌లోని హొక్కైడో మంచులో ఒంటరి చెట్లను నలుపు తెలుపుల్లో తీసి పేరుపొందిన మైకేల్ కెన్నా ఇటొస్తే దివిసీమ దాటి వెళ్లడేమో!

దిక్కు కూడా కలిసొచ్చింది. డిసెంబరులో సూర్యుడు ఆగ్నేయానికి జరిగి లేస్తాడు. బెజవాడ నుంచి బందరు ఉన్నదీ అటే. బందరు వైపు తిరిగి నిలబడితే ఏడు, ఎనిమిది గంటల మధ్య వెలుగు చెట్ల వెనక నుంచి ఎదురొస్తుంది.

చిక్కల్లా కెమెరాతోనే. తెల్లటి మంచును అది బూడిదరంగుగా లెక్కగట్టి ఫొటోను మసక చేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా పెంచాలి. ఫోనైతే తెరపై మాను అంచున వేలు నొక్కిపట్టి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును పైకి జరపాలి. ఉత్త మంచు మీద నొక్కితే ఫోకస్ కుదరదు.

జాతీయ రహదారి మీద మాత్రం బండి ఆపకండి. మంచులో వెనక వచ్చే లారీ డ్రైవరుకు మీరు కనబడరు. ఊరి దారిలోకి మళ్లించి, ఓ పక్కన ఆపి, గట్టెక్కి నడవండి.