సగం స్వామికి... సగం మనకి!

బెల్లం డబ్బా మూత కాస్త వదులుగా పెడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? తెల్లారేసరికి గట్టు మీద చీమల బారు! ఏ మూల నుంచి వస్తాయో, వాటికి ఎవరు కబురు పెడతారో ఆ భగవంతుడికే తెలియాలి. మరి ఏడాది పొడుగునా బిందెల కొద్దీ బెల్లం పానకం పోసే చోట ఒక్క చీమ కూడా కనిపించదంటే నమ్ముతారా? మంగళగిరి కొండ మీద పానకాల స్వామి సన్నిధిలో తరతరాలుగా చెప్పుకునే మాట ఇది. మేం వెళ్ళినప్పుడు నేనూ పనిగట్టుకుని వెదికాను. నా కంటికి ఒక్కటీ పడలేదు.

ఇంతకీ మేం వెళ్ళింది చీమల్ని వెదకడానికి కాదు లెండి. పోయినేడు మా అమ్మాయికి డెంగ్యూ వచ్చి పది రోజులు ఆస్పత్రిలో వుంది. అప్పుడు మా అత్తగారు “పిల్ల లేచి తిరిగితే పానకం పోయిస్తాను స్వామీ” అని మొక్కుకున్నారు. ఆవిడ మోకాళ్ళ నొప్పులు, దాని ఇంటర్ పరీక్షలు, ఇలా వాయిదా పడీ పడీ చివరికి మొన్న మాఘమాసంలో కుదిరింది.

మంగళగిరికి వెళ్ళడం చాలా సులువు. విజయవాడ, గుంటూరు మధ్య పెద్ద రోడ్డు మీదే వుంది. రెండు వైపుల నుంచీ బస్సులున్నాయి, రైలూ వుంది. దూరం నుంచి చూస్తే కొండ పడుకున్న ఏనుగులా కనిపిస్తుంది. శరీరం సరిగ్గా లేక బాధపడిన హ్రస్వశృంగి అనే రాజకుమారుడు స్వామికి ఆసనంగా వుండాలని ఏనుగు ఆకారంలో కొండగా మారాడని స్థలపురాణం.

ఇక్కడ నరసింహస్వామి ముగ్గురుగా కొలువై వున్నాడు. కొండ కింద లక్ష్మీ నరసింహస్వామి, కొండ మధ్యలో పానకాల స్వామి, కొండ కొమ్మున గండాల స్వామి. గండాల స్వామి దగ్గర విగ్రహం వుండదు, దీపమే దేవుడు. కష్టాల్లో వున్నవాళ్ళు ఆవునెయ్యితో అక్కడ దీపం పెట్టిస్తామని మొక్కుకుంటారు.

పైకి మెట్లదారి వుంది, ఘాట్ రోడ్డూ వుంది. మా అత్తగారిని చూసి ఆటో మాట్లాడబోతే “మొక్కింది నేను, ఎక్కాల్సింది నేనే” అని మెట్ల వైపే నడిచారు. మెట్టు మెట్టుకీ మోకాలు పట్టుకుంటూ, మనవరాలి భుజం మీద చెయ్యి వేసి ఎక్కారు. మధ్యలో నాలుగుసార్లు కూర్చున్నాం. మీలో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మాత్రం రోడ్డు దారినే వెళ్ళండి. స్వామి ఏమీ అనుకోడు!

గుటక వేసే చప్పుడు

పైన గుడి చిన్నదే. లోపల నిండైన విగ్రహం వుంటుందనుకుంటే పొరపాటు. కొండరాయిలో తెరుచుకున్న నోరు మాత్రమే వుంటుంది. దాని చుట్టూ లోహపు తొడుగు. ఆ నోరే నరసింహుడు. టికెట్టు తీసుకుంటే బిందెతో పానకం ఇచ్చారు. పూజారిగారు గోత్రనామాలు చెప్పించుకుని, శంఖంతో పానకం తీసి ఆ నోట్లో పోయడం మొదలుపెట్టారు.

అప్పుడు వినబడింది... గుడ్ గుడ్ గుడ్ అని! దాహమేసినవాడు గటగటా తాగుతున్నట్టే. నాకు ఒళ్ళు జలదరించింది. మా అత్తగారు కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. కాసేపటికి ఆ చప్పుడు ఆగింది. పూజారిగారు పోయడం ఆపేశారు. మిగిలింది ప్రసాదం. పెద్ద బిందె అయినా చిన్న చెంబు అయినా స్వామి సగం తాగి, సగం భక్తులకి వదిలేస్తాడని నమ్మకం. కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు తాగిన స్వామి, కలియుగంలో మనలాంటివాళ్ళకి అందుబాటులో వుండేలా పానకంతో సరిపెట్టుకున్నాడట. నముచి అనే రాక్షసుణ్ణి చంపిన తరువాత కూడా స్వామి కోపం చల్లారకపోతే దేవతలు అమృతం తాగించి శాంతింపజేశారని, ఈ ఆచారం అక్కడి నుంచే మొదలయిందనీ కథ.

ప్రసాదం గ్లాసు చేతిలోకి తీసుకున్న మా అమ్మాయి వుండబట్టలేక అనేసింది. “నాయనమ్మా, ఇందులో వింతేం లేదు. ఈ కొండ ఒకప్పుడు అగ్నిపర్వతం. లోపల గంధకం వుంటుంది. బెల్లం నీళ్ళు పోస్తే గంధకం చల్లబడుతుందని పెద్దవాళ్ళు ఈ పద్ధతి పెట్టారు. అంతే సైన్సు!”

మా అత్తగారు ఒక్క మాట కూడా అనలేదు. గ్లాసులో పానకం తాగి, కొంగుతో మూతి తుడుచుకుని బయటికి వెళ్ళి కూర్చున్నారు. అంత కష్టపడి ఎక్కిన మనిషి మొహంలో వెలుగు ఒక్కసారి దీపం ఆర్పినట్టయింది. నేను దాన్ని కసిరాను. “నేను అబద్ధం చెప్పానా అమ్మా? నాకు చిన్నప్పుడు నువ్వే కదా చెప్పావు?” అంది.

నిజమే! నేనే చెప్పాను. నాకు మా నాన్న చెప్పాడు, ఆయనకి ఇంకెవరో చెప్పారు. అటు అత్తగారి మొహం చూడలేక, ఇటు కూతురికి జవాబు చెప్పలేక, ఆ పూట నేను పడిన అవస్థ మీలో చాలామందికి తెలిసే వుంటుంది. పిల్ల పక్షాన మాట్లాడితే పెద్దావిడ మొక్కుని చులకన చేసినట్టు. పెద్దావిడ వైపు మాట్లాడితే పిల్లని “ప్రశ్న వెయ్యకు” అన్నట్టు.

ఒరిగిన గోపురం

దిగేటప్పుడు రోడ్డు దారినే వచ్చాం. కింద గుడి గాలిగోపురం చూసి తీరాల్సిందే. పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు 1807-09లో కట్టించారు. అంత ఎత్తుకి పునాది వెడల్పు 49 అడుగులే. మెడ పూర్తిగా వెనక్కి వాలిస్తే గాని కలశాలు కనిపించవు.

ఈ గోపురం గురించీ ఒక ముచ్చట చెప్పుకుంటారు. కట్టడం పూర్తయ్యాక గోపురం ఒక పక్కకి ఒరిగిందట. కంచి నుంచి వచ్చిన శిల్పులు చూసి, ఎదురుగా కోనేరు తవ్వించమన్నారట. కోనేరు తవ్వగానే గోపురం నిటారుగా నిలబడిందట! వినగానే మా అమ్మాయి ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

ఇంటికి వచ్చాక అసలు సంగతి బయటపడింది. నాయనమ్మ మొహం దాని మనసులో మెదులుతూనే వుందేమో, అది రెండు రోజులు పుస్తకాలూ ఫోనూ ముందేసుకుని కూర్చుంది. మూడో రోజు వంటింట్లోకి వచ్చి “అమ్మా, మనం తప్పు చెప్పాం” అంది.

బెజవాడ, మంగళగిరి పక్కల కొండలు తూర్పు కనుమల కుటుంబానివట. లావా పొంగి గడ్డకట్టిన కొండలు కావవి. భూమి లోతున వేడికీ ఒత్తిడికీ రూపం మారిన రాళ్ళు, వయసు వంద కోట్ల ఏళ్ళ పైమాట. పైగా గంధకం నీళ్ళలో కరగదు. బెల్లం నీళ్ళు దాన్ని ఏమీ చెయ్యవు. ఆ మాట వినగానే నాకు వంటింటి తెలివి పనిచేసింది. నిజంగానే అగ్నిపర్వతం భగ్గుమంటే బిందెడు పానకం ఏ మూలకి? ఇన్నాళ్ళూ సైన్సు అనుకుని నమ్మింది కూడా ఒకరి నోట ఒకరు విన్న కథే!

గోపురం సంగతి ఇంకా విడ్డూరం. ఇటలీలో పీసా గోపురం తెలుసు కదా, పడిపోతుందేమోనని లోకమంతా భయపడిన ఒరుగు గోపురం? 1999 నుంచి 2001 దాకా ఇంజనీర్లు దాన్ని ఎలా సరిచేశారో తెలుసా? ఒరిగిన వైపుకి ఎదురువైపు నేలలోంచి కొంచెం కొంచెంగా మట్టి తీశారు. అటు నేల కాస్త కుంగింది, గోపురం కొద్దిగా వెనక్కి వచ్చింది. మంగళగిరిలో జరిగిందీ అదేనని నేననను. కానీ ఎదురువైపు మట్టి తీస్తే ఒరిగింది వెనక్కి జరగడం జరగని పని కాదు. మేం నవ్విన కథలో అర్థముంది, మేం నమ్మిన సైన్సులో లేదు. చూశారా తమాషా!

మరి గుటక చప్పుడు సంగతి? సన్న మూతి సీసాలో నూనె పోస్తే, లోపలి గాలి బయటికి వస్తూ గుడగుడమనడం మనకి రోజూ తెలిసిందే. ఆ చప్పుడు అలాంటిదే కావచ్చని నాకనిపిస్తుంది. చీమలంటారా, ఆరిన బెల్లం మరకకి పట్టినట్టు ఎప్పుడూ తడిగా, కడుగుతూ వుండే నేలకి చీమలు పట్టవేమో. కానీ ఎంత పోసినా సగమే ఎందుకు తాగుతాడు, తాగింది ఎటు పోతుంది? ఇక్కడికి వచ్చేసరికి నా వంటింటి తెలివి ఆగిపోయింది. మా అమ్మాయి పుస్తకాలూ ఆగిపోయాయి. తెలియనిదాన్ని తెలియదు అనడానికి సిగ్గెందుకు?

ఆ సాయంత్రం అది తిన్నగా నాయనమ్మ మంచం దగ్గరికి వెళ్ళింది. “నాయనమ్మా, కొండ మీద నేను చెప్పింది సైన్సు కాదు. విన్నమాట. అసలు కారణం నాకు తెలియదు” అంది.

మా అత్తగారు తమలపాకు ఈనె తీస్తూ “నాకు మాత్రం తెలుసా ఏమిటే తల్లీ?” అన్నారు. “నీకు జ్వరం ఎందుకు తగ్గిందో డాక్టరుగారికి తెలుసు. ఆయన మందులిచ్చాడు. ఆ పది రోజులూ నాకేం చెయ్యాలో తెలియలేదు. ఏదో ఒకటి చెయ్యకపోతే గుండె ఆగేట్టుంది. మొక్కుకున్నాను. అంతే.”

నా చేతిలో గరిటె అలాగే వుండిపోయింది. అన్నాళ్ళూ ఆవిడ ఆస్పత్రికి క్యారియర్ పంపుతూ ఇంట్లో నిబ్బరంగానే వున్నారనుకున్నాను. ఆవిడ ఎంత భయపడ్డారో ఆ రోజు దాకా నాకు తెలియదు. కొండ లోపలి సంగతి దేవుడెరుగు, ఒకే ఇంట్లో ఇరవై ఏళ్ళుగా వున్న మనిషి లోపలి సంగతే నాకు తెలియలేదు.

మీరూ వెళ్తారా?

తప్పకుండా వెళ్ళండి. పొద్దున్నే బయల్దేరండి. రాత్రిళ్ళు దేవతలు వచ్చి పూజిస్తారన్న నమ్మకంతో కొండ మీది గుడిని సాయంత్రం దాకా వుంచరు. ఫాల్గుణ మాసంలో ఉత్సవాలప్పుడైతే తిరునాళ్ళ జనం. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఆ రోజులు తప్పించుకుంటే మంచిది. పైన గుడి వెనక లక్ష్మీదేవి కోవెల, ఆ పక్కన ఒక గుహ వున్నాయి. ఆ గుహ ఉండవల్లి దాకా పోతుందనీ, పూర్వం మునులు అందులోంచి వెళ్ళి కృష్ణలో స్నానం చేసేవారనీ చెబుతారు. ఉండవల్లి గుహలు ఎలాగూ దగ్గరే, శయనించిన పెద్ద విష్ణుమూర్తిని చూసి రండి.

కింద వీధుల్లో గుంట మగ్గాల చప్పుడు వినిపిస్తే ఆగకుండా రాలేరు. మంగళగిరి నేతచీరకి సాదా ఒడలు, నిజాం అంచు అందం. వేసవికి అంతకన్నా హాయైన చీర లేదు. మా అత్తగారికి ముదురాకుపచ్చది తీసుకున్నాం.

అన్నట్టు, ఇంట్లో పానకం చేసుకునేవాళ్ళు గ్లాసుడు తరిగిన బెల్లానికి నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి, కరిగాక వడకట్టండి. బెల్లంలో ఇసుక వుంటుంది, మరిచిపోకండి. అరచెంచా మిరియాల పొడి, నాలుగు ఏలకులు దంచి కలపండి. చిటికెడు శొంఠి వేస్తే ఇంకా మంచిది. ఎండన పడి వచ్చినవాళ్ళకి ప్రాణం లేచొస్తుంది.

చేశాక డబ్బా మూత మాత్రం గట్టిగా పెట్టండి. మనింటి చీమలు మంగళగిరి చీమలు కావు!